పైవాళ్ళు చూస్తుంటారు

చినమంగవరం కోర్టు ఆఫీసులో ముగ్గురు పనిచేసేవారు. శిరస్తాదారు గుంపస్వామి, టైపిస్టు నూకరత్నం, ఊళ్ళోకి నోటీసులు పట్టుకెళ్ళే అమీను తవిటయ్య. తెలివిలో తమని మించినవాళ్ళు జిల్లా మొత్తంలో లేరని ముగ్గురి నమ్మకం. ఏ కాగితం వచ్చినా అక్షరం పొల్లుపోకుండా పాటించేవారు మరి.

ఒక మే నెలలో హెడ్డాఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. గుంపస్వామి పైకి చదివాడు. "ఇకమీదట మీరు ఇంటర్నెట్‌లో ఏం చూస్తున్నారో పైవాళ్ళు చూస్తుంటారు. పని కాగానే విండోలన్నీ మూసెయ్యాలి."

ముగ్గురూ పైకి చూశారు. ఫ్యాను తిరుగుతోంది. దాని పక్కన ఒక బల్లి ఉంది.

"ఆ బల్లి వాళ్ళ మనిషేనంటారా?" అంది నూకరత్నం. మధ్యాహ్నం పూట కంప్యూటర్లో తను చూసుకునే సంగతి సొంత అన్నయ్యకి కూడా చెప్పలేదు.

"ఎవరి మనిషైతేనేం, మనం కనపడకుండా ఉంటే సరి," అన్నాడు గుంపస్వామి.

అంతే. కంప్యూటరు మీద గొడుగు కట్టారు. కిటికీలన్నీ మూసి మేకులు కొట్టారు. గంటలో ఆఫీసు ఇటుకల బట్టీ అయిపోయింది. నకలు కోసం వచ్చిన ప్లీడరుగారు సొమ్మసిల్లి నూకరత్నం బల్ల మీదే పడ్డారు.

జడ్జి హైమవతిగారు పరుగున వచ్చి ఆయన మొహాన నీళ్ళు చల్లారు. "పైవాళ్ళంటే హెడ్డాఫీసు వాళ్ళండీ. కప్పులోంచి కాదు, ఆ కంప్యూటర్లోంచే చూస్తారు," అన్నారు.

ఇంకేముంది, కంప్యూటర్ని గోడవైపు తిప్పేశారు. నూకరత్నం తెర చూడకుండానే తీర్పులు టైపు కొట్టింది. ఇంటి కేసూ గేదె కేసూ కలిసిపోయి, ఇల్లు గేదెకి వచ్చింది. సాయంత్రానికల్లా గేదె తరఫువాళ్ళు తాళాలడగడానికి వెళ్ళారు.

జడ్జిగారు ముగ్గుర్నీ పిలిచారు. కోప్పడలేదు. "మీ భయం నాకు తెలుసు. నా కంప్యూటర్నీ చూస్తారు, నాకూ నచ్చలేదు. కోర్టులో పనిచేసినంత మాత్రాన మనకి సొంత సంగతులుండవా? ఇవి మా గుట్టు, చూడొద్దని గట్టిగా చెప్పండి. నేను మీ వెనకుంటాను."

"ఎంత గట్టిగా అండీ?" అన్నాడు తవిటయ్య.

"ఎంత గట్టిగా చెబితే అంత మంచిది."

అంతే. ఎవరి గుట్టు ఏమిటో ముగ్గురూ ఒక కాగితం మీద రాశారు. తవిటయ్య దాన్ని పట్టుకుని, దండోరా టముకు మెడలో వేసుకుని బజారు మధ్య నిలబడ్డాడు. జడ్జిగారు వెనకుంటానన్నారు కదా అని రెండుసార్లు వెనక్కి చూశాడు. కనపడలేదు. అయినా మొదలుపెట్టాడు.

"ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, శిరస్తాదారుగారు బట్టతల మీద జుట్టు మొలిచే నూనె కోసం వెతికిన సంగతి గుట్టు. నూకరత్నంగారు నలభై ఎనిమిదో ఏట పెళ్ళి సంబంధాలు చూసుకుంటున్న సంగతి గుట్టు. నేను కంప్యూటర్లో చూసి టముకు కొట్టడం నేర్చుకుంటున్న సంగతీ గుట్టే. ఈ మూడూ ఎవరూ తెలుసుకోకూడదహో."

"మాకేం తెలీదు తవిటయ్యా," అన్నాడు కిరాణా కొట్టాయన నవ్వాపుకుంటూ.

"నోటిమాట కోర్టులో చెల్లదు బాబూ. ఏమేం తెలీదో వివరంగా రాసి సంతకం పెట్టండి."

అరవై ముగ్గురు రాసిచ్చారు. రైసుమిల్లు గుమస్తా, నూకరత్నంగారి సంబంధాల సంగతి తనకి బొత్తిగా తెలీదని రాసి, కింద తన ఫోను నంబరు కూడా వేశాడు.

గుంపస్వామి ఆ కాగితాలన్నీ కట్టకట్టి, కోర్టు సీలు వేసి, రిజిస్టరు పోస్టులో హెడ్డాఫీసుకి పంపించాడు.

"ఇక మన గుట్టు పైవాళ్ళకి తెలిసే దారే లేదు," అన్నాడు తృప్తిగా.