గవరమ్మ రంగులరాట్నం మానేసిన వైనం

ఊళ్లో మేడలన్నీ రాజుగారి సింహాసనం కంటే పొట్టిగా ఉండి తీరవలసిన ఒకానొక రాజ్యంలో, గవరమ్మ అనే ఆవిడ తిరునాళ్ల మైదానంలో రంగులరాట్నం తిప్పుకుని బతికేది.

నిలువెత్తు చక్రం, నడుమ ఒక ఇరుసు, అంచున వేలాడే నాలుగు చెక్క తొట్లు. అదీ ఆమె రాట్నం. ఒక పక్క గవరమ్మ, ఇంకో పక్క ఆమె మొగుడు పైడయ్య చక్రం ఆకులు పట్టుకుని తోస్తే, తొట్టిలో కూర్చున్నవాళ్లు తాటిచెట్టంత ఎత్తుకి వెళ్లి, లోకాన్ని చూసి, కేకలు పెట్టుకుంటూ కిందికొచ్చేవాళ్లు.

చూసేవాళ్లకు సరదాగానే ఉంటుంది. తిప్పేవాళ్లకు తెలుస్తుంది. పైకి వెళ్లగానే "దించవే తల్లీ" అని ఏడ్చినవాళ్లే, కిందికి రాగానే "అప్పుడే అయిపోయిందా?" అని తగువుకొచ్చేవాళ్లు. కడుపునిండా జిలేబీలు తిని ఎక్కినవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ జిలేబీలు చివరికి ఎక్కడ పడ్డాయో గవరమ్మ చీర చూస్తే తెలిసేది. వాన పడితే ఇరుసు బిగుసుకునేది, ఎండ కాస్తే కీచుమని మైదానమంతా వినపడేలా ఏడ్చేది.

అందుకే ప్రతి సాయంత్రం భుజాలకు ఆముదం రాసుకుంటూ గవరమ్మ ఒకటే మాట అనేది.

"అయిపోయింది! రేపట్నుంచి ఈ రాట్నం ముట్టుకుంటే నన్నడుగు. మా అక్కలా పసుపూ కుంకుమా అమ్ముకుంటూ నీడపట్టున కూర్చుంటాను. చచ్చేలోగా కూర్చుని చేసే పని ఒక్కటైనా చెయ్యొద్దూ?"

"అలాగే" అనేవాడు పైడయ్య. అతను అంతకంటే పొడుగైన మాట అనగా విన్నవాళ్లు లేరు.

తెల్లారేసరికి రాట్నం దగ్గర ఎవరో ఒకరు నిలబడి ఉండేవారు. "సరే, ఈ ఒక్క బేరం చూసి మానేద్దాం" అనేది గవరమ్మ.

ఇక ఆ రాజ్యానికి రాజు ఉత్తుంగవర్మ. పేరులో ఉన్న ఎత్తు మనిషిలో లేదు. ఆ లోటు తీర్చుకోవడానికి, ఎవరి తలా తన తలకంటే పైన ఉండరాదని చట్టం చేశాడు. ఆయన వీధిలోకి వస్తే పొడుగువాళ్లు మోకాళ్లు వంచి నడిచేవారు. తాటిచెట్లెక్కి కల్లు గీసేవాళ్లకు మాత్రం మినహాయింపు. ఎందుకని ఎవరూ అడగలేదు. సాయంత్రంపూట కోటలోకి వెళ్లే ముంతలను చూసినవాళ్లకు అడగవలసిన అవసరమూ రాలేదు.

రాజుగారు ఆ మైదానం వైపు ఎన్నడూ రాలేదు గనక రాట్నం సంగతి ఆయనకు తెలియదు. ఆ ఏడు తిరునాళ్లకు ఏ బుద్ధి పుట్టిందో, ఏనుగెక్కి బయల్దేరాడు. వెనకాల పల్లకీలో మంత్రి లంబోదరభట్టు, ముందు బాకాలు, డోళ్లు.

సరిగ్గా ఆయన రాట్నం పక్కకు వచ్చేసరికి, గాజులమ్ముకునే ముసలావిడ ఒకతె పై తొట్టిలో ఉంది. ఆమె కిందికి తొంగిచూసి, బుగ్గలు నొక్కుకుని, గొంతెత్తి అరిచింది.

"ఓసి నా తల్లో! రాజుగారి కిరీటం నడుమ కన్నముందే! అందులోంచి బట్టతల నిగనిగలాడిపోతోందే!"

బాకాలు ఆగిపోయాయి. తర్వాత ఎక్కడో ఒకడు కిసుక్కుమన్నాడు. అంతే, జనం నవ్వు ఆపుకోలేక ఒకరి మీద ఒకరు పడిపోయారు. ఏనుగు కూడా తొండమెత్తి ఘీంకరించింది.

రాజు మొహం కందగడ్డయింది. "ఇదేమిటి? నా నెత్తిమీదుగా మనుషులు తిరగడమా? ఈ రాట్నాన్ని ఇక్కడే ఆపించేస్తున్నాను!"

ముసలావిడ ఎలా దిగిందో, ఏ సందులో మాయమైందో ఎవరికీ తెలియదు.

గవరమ్మకు మొదట పెద్ద బరువు దిగినట్టే అనిపించింది. తాను మానక్కర్లేదు, రాజే మాన్పిస్తున్నాడు! పసుపూ, కుంకుమా, చల్లని నీడా కళ్లముందు కదిలాయి. మరుక్షణమే ఒళ్లు మండిపోయింది.

"నేను మానేస్తానన్నాను గాని, మాన్పించడానికి ఈయనెవరు?" అంది మొగుడి చెవిలో.

"అదే కదా!" అన్నాడు పైడయ్య, తన అలవాటు కూడా మర్చిపోయి.

గవరమ్మ కొంగు నడుముకి బిగించి, ఏనుగు ముందుకెళ్లి దండం పెట్టింది.

"మా రాజా! తమ ఆజ్ఞ నెత్తిన పెట్టుకుంటాను. కాని ఒక ముసల్ది కూసిన కూత నమ్మి ఆజ్ఞ ఇచ్చారని రేపు పొరుగు రాజులు అనుకోరూ? చదువుకున్న పెద్దమనిషి ఒకరు స్వయంగా ఎక్కి చూసి, నిజమేనని చెబితే తమ మాటకి తిరుగుండదు."

రాజుకి ఈ మాట నచ్చింది. "మంత్రీ, ఎక్కు" అన్నాడు.

లంబోదరభట్టు పల్లకీ దిగి, గంభీరంగా శాలువా సర్దుకుని తొట్టిలో కూర్చున్నాడు. తొట్టి మూలిగింది. ఆలుమగలిద్దరూ ఊపిరి బిగబట్టి తోశారు. మంత్రి పైపైకి వెళ్లాడు. సరిగ్గా కొసకి చేరగానే గవరమ్మ చక్రానికి అడ్డుచెక్క పెట్టింది.

"ఏం కనిపిస్తోంది మంత్రీ?" అన్నాడు రాజు తలెత్తి.

"అంతా కనిపిస్తోంది ప్రభూ."

"అంతా అంటే?"

"అంటే... అంతా ప్రభూ. తళతళా."

జనం మళ్లీ గొల్లుమన్నారు. రాజు అంబారీ మీద గుద్దాడు. "చాలు! ఇక ఈ రాట్నం మీద చెయ్యి పడడానికి వీల్లేదు!"

"చిత్తం. ఎప్పట్నుంచి ప్రభూ?" అంది గవరమ్మ వినయంగా.

"ఈ క్షణం నుంచి!"

"మా ఆయన చెయ్యి?"

"అతనిదీ పడకూడదు!"

"తమ భటులవి?"

"వాళ్లవీ పడకూడదు! ఈ రాజ్యంలో నేను తప్ప ఏ ఒక్కరూ దీన్ని ముట్టుకోకూడదు! ముట్టుకుంటే చెయ్యి తీయించేస్తాను! ఇది నా మాట, నా మాటకు తిరుగులేదు!"

"విన్నావుగా" అంది గవరమ్మ మొగుడితో. ఇద్దరూ చేతులు కట్టుకుని నాలుగడుగులు వెనక్కి వేశారు.

పైన గాలికి తొట్టి ఊగింది. "ప్రభూ!" అన్నాడు మంత్రి సన్నగా. "నన్ను దింపమనండి."

"దింపండి!" అన్నాడు రాజు.

"దింపాలంటే తిప్పాలి ప్రభూ. తిప్పాలంటే ముట్టుకోవాలి" అంది గవరమ్మ.

భటులు తమ చేతులు వీపు వెనక్కి పెట్టేసుకున్నారు.

"అలాగని అక్కడే వదిలేద్దామంటే," అంది గవరమ్మ బుగ్గన వేలేసుకుని, "మంత్రిగారి తల తమ తలకంటే పైన ఉండిపోతుంది. అదీ నేరమే. పోనీ, ఈ రాజ్యంలో ముట్టుకోదగ్గ చేతులు అసలు లేవా అంటే, ఒక్క జత ఉంది..."

అందరి చూపులూ రాజుగారి చేతుల మీద పడ్డాయి. ఆయన కూడా తన చేతులకేసి చూసుకున్నాడు. తన నోటితో తనే అన్న మాట అప్పుడు అర్థమైంది.

పైనుంచి మంత్రి అన్నాడు: "ప్రభూ, పొద్దున్న నేను కూడా జిలేబీలు తిన్నాను."

రాజు గబగబా ఏనుగు దిగాడు. ఆయన నేలమీద నిలబడగానే, చట్టం గుర్తొచ్చి, తిరునాళ్లకొచ్చిన జనమంతా ఉన్నచోటే బంతిభోజనానికి కూర్చున్నట్టు చతికిలబడ్డారు. రాజు పట్టుశాలువా విసిరేసి, అడ్డుచెక్క లాగి, చక్రం పట్టుకుని బలమంతా పెట్టి తోశాడు.

రాట్నం కీచుమంది. మంత్రి రయ్యిన కిందికొచ్చాడు, రాజు పట్టుకునేలోగా రయ్యిన పైకి పోయాడు. "అయ్యో, ఆపండి ప్రభూ!" అంటూ మళ్లీ వచ్చాడు, మళ్లీ పోయాడు. ఆపబోయి రాజు రెండోవైపుకి తోశాడు. ఈసారి మంత్రి వీపు ముందుగా రావడం మొదలుపెట్టాడు. తలపాగా ఒకచోట, చెప్పులు ఒకచోట ఎగిరిపడ్డాయి. కిరీటం దొర్లిపోతే రాజు దానికేసి చూడను కూడా లేదు. ముందు పళ్లు బిగించాడు, తర్వాత పెదాలు వణికాయి, చివరికి పొట్ట పట్టుకుని పకపకా నవ్వేశాడు. అలా నవ్వుతూనే తిప్పుతున్నాడు.

ఎలాగో మంత్రి దిగి, నేలను రెండు చేతులా కావలించుకుని పడుకున్నాడు. రాజు చిన్నపిల్లాడిలా ఎగిరి తొట్టిలో కూర్చున్నాడు.

"నన్ను తిప్పు గవరమ్మా!"

"ముట్టుకోకూడదు కదా ప్రభూ!"

"ఆజ్ఞ రద్దు! తిప్పు!"

ఆలుమగలు తోశారు. రాజు పైకి వెళ్లి కేరింతలు కొట్టాడు. "ఓహో! అందరూ నా కిందే ఉన్నారు!"

"అవును ప్రభూ!" అని కిందినుంచి అరిచింది గవరమ్మ. "ఇంకొక్క క్షణం!"

దిగొచ్చాక రాజు కళ్లు తుడుచుకుంటూ అడిగాడు. "రోజంతా ఎలా తిప్పుతావమ్మా దీన్ని?"

"రోజూ సాయంత్రం మానేద్దామనుకుంటాను ప్రభూ."

రాజు ఆమెకు మాత్రమే వినపడేలా అన్నాడు. "నేనూ అంతే. ఆ ఎత్తు పీట మీద కూర్చుని కూర్చుని మెడ పట్టేస్తుంది. రేపు ఎక్కకూడదనుకుంటాను. పొద్దున్నే ఎవడో ఒకడు వచ్చి నిలబడతాడు, తగువు తీర్చమని." తర్వాత గొంతు పెంచి, "ఏం కావాలో కోరుకో!" అన్నాడు.

"వారానికో రోజు మానేసే హక్కు ఇప్పించండి. మర్నాడు మళ్లీ మొదలుపెట్టి తీరాలని కూడా రాయించండి. లేకపోతే నిజంగానే మానేస్తాను."

రాజు మళ్లీ నవ్వాడు. శుక్రవారం గవరమ్మ మానేసే రోజని, శనివారం మొదలుపెట్టే రోజని అక్కడికక్కడే శాసనం అయింది. ఇరుసుకు కొత్త టేకుదూలం, ఏడాదికి సరిపడా ఆముదం కోటనుంచి ఇప్పించాడు. తలల ఎత్తు చట్టం కూడా ఆ పూటే కొట్టేశాడు. చతికిలబడిన జనం నడుములు పట్టుకుని లేచారు.

"మరి శుక్రవారాలు రాట్నం ఎవరు తిప్పుతారు ప్రభూ?" అన్నాడు మంత్రి, నేలమీదనుంచే.

"నేను!" అన్నాడు రాజు.

అప్పట్నుంచి శుక్రవారం వస్తే సింహాసనం ఖాళీగా ఉండేది. రాజ్యానికేమీ కాలేదు. గవరమ్మ పందిరి నీడలో చాపేసుకుని, కాళ్లు బారజాపి, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ, "చేతులతో కాదు ప్రభూ, భుజం ఆనించి తొయ్యండి!" అని కేకేసేది. చెమటలు కక్కుతున్న రాజు పెద్దగా నవ్వి భుజం ఆనించేవాడు.