గవ్వ లేని తాడు

అనగనగా, మన తాతల తాతలు ఇంకా ఉయ్యాల దిగని రోజుల్లో, తూర్పు సముద్రం నడుమ ఒక చిన్న దీవి ఉండేది. దాని పేరు గువ్వలతిప్ప. ఈ చివర నిలబడి కేక వేస్తే ఆ చివర ఉన్నవాళ్ళు "ఏటీ?" అని పలికేటంత దీవి.

అక్కడ నలభై గడపల జాలరులు, వేలకు వేలు తెల్లగువ్వలనే సముద్రపు పక్షులు. గువ్వలు ఇసుకలోనే గుడ్లు పెట్టేవి. అవి ఎక్కడ ముసిరితే అక్కడ చేపలు. మంచు కమ్మిన సాయంత్రం అవి ఎటు మళ్ళితే అటు ఇల్లు. గువ్వలు లేకపోతే ఆ ఊరి పడవలకు కళ్ళు లేనట్టే.

ఆ ఊళ్ళో రెండు ఆచారాలు ఉండేవి.

మొదటిది తాడు. ప్రతి ఇంటి దూలానికీ ఒక వలతాడు వేలాడేది. కొడుకు పుడితే తాడుకు ఒక ముడి వేసేవారు, కూతురు పుడితే ఒక గవ్వ కట్టేవారు. మేకలు కాసే గున్నమ్మ ఇంటి తాడుకు వరసగా ఐదు గవ్వలు. ఆ ఐదో గవ్వ గున్నమ్మే. అది కట్టేటప్పుడు వాళ్ళ నాయనమ్మ మొహం అటు తిప్పుకుందట. జుట్టంతా నెరిసినా గున్నమ్మ ఆ మాట మరిచిపోలేదు. ఆమె తన మేకలకు కూడా తాళ్ళు కట్టింది. ఏ మేక ఎవరి బిడ్డో, ఏ వంశంలో ఏం పుడతాయో ఆ తాళ్ళు చూసి చెప్పేది. ఊరంతా నవ్వేది.

రెండోది గంజి. సముద్రం ఈది ఒడ్డెక్కిన ప్రాణి ఏదైనా సరే చుట్టమే, మొదటి పూట గంజి పోయాలి. మంచి ఆచారమే. కాని ఒక తుఫానులో దూరదేశపు ఓడ ఒకటి బండకు తగిలి పగిలింది. ఓడవాళ్ళు పడవలెక్కి బయటపడ్డారు. వాళ్ళ వెనకే పన్నెండు ఎలుకలు ఈదుకుంటూ వచ్చాయి. చలికి గజగజ వణుకుతున్నాయి. "పాపం, సుట్టాలు!" అని జనం పిడతల్లో గంజి పోశారు. గున్నమ్మ నంజుకోవడానికి ఎండుచేప కూడా పెట్టింది.

ఏ చుట్టమైనా మూడు రోజులే ముద్దు. ఈ చుట్టాలు వెళ్ళలేదు. పన్నెండు నూరయ్యాయి, నూరు లెక్కకు అందకుండా పోయాయి. గువ్వలకు అంతవరకు ఎలుకంటే ఏమిటో తెలియదు. అవి అమాయకంగా చూస్తూ ఉండగానే పొట్ట కింద నుంచి గుడ్డు మాయమయ్యేది.

గున్నమ్మ గుమ్మంలో రోజూ ఒక కుంటిగువ్వ వాలేది. ఆ రోజు అది గింజలు ముట్టలేదు.

"గున్నమ్మా, ఈ ఏడు నా గుడ్లన్నీ పోయాయి. మా వాళ్ళు కూడి మాట అనుకున్నారు. ఇంకో రెండు వానాకాలాలు చూస్తాం. అప్పటికీ ఇంతే అయితే వెళ్ళిపోతాం. మళ్ళీ రాము."

గున్నమ్మ తన చేతికేసి చూసుకుంది. ఎండుచేప పెట్టిన చెయ్యి తనదే కదా!

ఊరిపెద్ద ఎర్రన్న ఊరుకున్నాడా? పడవ నిండా పిల్లులను తెచ్చాడు. "పిల్లికి చెలగాటం, ఎలక్కి ప్రాణసంకటం. సూత్తుండండి!" అన్నాడు మీసం దువ్వుతూ. పిల్లులు చూశాయి. ఎలుక పరిగెడుతుంది, గువ్వపిల్ల పరిగెత్తలేదు. పిల్లులేమైనా వెర్రివా? వాటికి తేలికైన కూడు అవి వెతుక్కున్నాయి. వాటిని పట్టి మళ్ళీ పడవెక్కించేసరికి ఎర్రన్న మొహమంతా గోళ్ళ గాట్లు.

మరుసటి ఏడు ఒక వర్తకుడు విషపు ఉండలు తెచ్చాడు. "తెల్లారేసరికి ఒక్క ఎలుక మిగిలితే నా పేరు మార్చుకుంటాను" అన్నాడు. ఎలుకలు చచ్చాయి. వాటిని తిన్న గద్దలు చచ్చాయి. ఉండలు నాకిన గున్నమ్మ మేకలు ఏడు చచ్చాయి. బండ సందుల్లో మాత్రం గుప్పెడు ఎలుకలు మిగిలాయి. గుప్పెడు చాలవూ? ఆరు నెలలు తిరిగేసరికి దీవి మళ్ళీ నిండింది. వర్తకుడు అప్పటికే ఓడెక్కాడు, పేరు మాత్రం మార్చుకోలేదు.

ఈ రెండేళ్ళూ గున్నమ్మ తన పని తను చేసుకుంటూనే ఉంది. కొన్ని ఎలుకలను పట్టి, జంటకో బాన చొప్పున పెట్టింది. బానకో తాడు కట్టింది. మగపిల్లకు ముడి, ఆడపిల్లకు గవ్వ. అన్ని తాళ్ళకూ ముడులూ గవ్వలూ కలిసే పడ్డాయి, ఒక్క తాడుకు తప్ప. ఆ బానలో నుదుట తెల్లచారలున్న మగ ఎలుక ఒకటి ఉండేది. గున్నమ్మ దాన్ని ముద్దుగా నామాలోడు అని పిలిచేది. నామాలోడికి పుట్టినవన్నీ కొడుకులే. ఆ కొడుకులకూ కొడుకులే. ఏ ఆడ ఎలుకతో జత కట్టించినా అంతే. మూడు తరాలు, తాడు నిండా ముడులు. ఒక్క గవ్వ లేదు.

గున్నమ్మ ఆ తాడు పట్టుకుని ఊరి ముందుకు వచ్చింది.

"ఈ నామాలోడి బిడ్డల్ని దీవిలో ఇడిసిపెడదాం బావా. రేపటికే అయిపోద్దని నేను సెప్పను. మొదటేడు మీకేటీ కనపడదు. మూడేళ్ళు పడతాది."

ఎర్రన్న నోరు తెరిచాడు. "ఎలకల్ని సంపడానికి ఎలకల్నే ఒదుల్తావేటే? ఉత్త మగోళ్ళు పుడితే ఏటవుద్ది?"

"ఆడది నేకపోతే కనేదెవరు బావా? నువ్వు కంటావా?"

ఆడవాళ్ళంతా పగలబడి నవ్వారు. ఎర్రన్న కూడా కాసేపటికి నవ్వాడు.

కాని గువ్వల గడువు ముగిసింది. గున్నమ్మ కుంటిగువ్వను బతిమాలింది. "ఇంకో మూడు వానలు ఆగండమ్మా. ఎత్తు గెడలకి బుట్టలు కడతాం, ఎలకలు ఎక్కకుండా గెడకి నున్నటి కుండ బోర్లిస్తాం."

"బుట్టలో గుడ్డా?" అని గువ్వ ముక్కు విరిచింది. "మా తాతముత్తాతలు ఎవరైనా అలా పెట్టారా?"

"మీ తాతముత్తాతలు ఎలకని సూసేరా?"

ఊరంతా బుట్టలు అల్లింది. గువ్వలు సణుక్కుంటూనే బుట్టలెక్కాయి.

గున్నమ్మ బానల మూతలు తీసిన రోజున ఎలుకల రాజు గండప్ప మీసాలు తిప్పుకుంటూ వచ్చాడు. "ఏమే ముసలీ, ఎవరు వీళ్ళు? ఏం మోసం తలపెట్టావు?"

"మోసమేటీ నేదు. ఈళ్ళ వంశంలో ఆడపిల్ల పుట్టదు. అది తెలుసుకునే పిల్లనివ్వండి."

ఉన్నమాటే చెప్పింది. కాని గండప్ప కళ్ళు మెరిశాయి. "అందరూ కొడుకులేనా! ఎంత గొప్ప వంశం!" అని దీవంతా చాటింపు వేయించాడు. ఇక చూడాలి, నామాల అల్లుడి కోసం ఎలుకలు ఎగబడ్డాయి! తెల్లచారలు లేనివాడికి పిల్లనిచ్చే నాథుడే లేడు.

మొదటి ఏడు, ఇంటింటా కొడుకులే పుట్టారని ఎలుకలు కొబ్బరి ముక్కలు పంచుకున్నాయి. రెండో ఏడు గండప్ప బండెక్కి, "నాకు నూట ఎనిమిది మంది మనవలు! మనవరాలు ఒక్కతీ లేదు!" అని గర్జించాడు. మూడో ఏడు పెళ్ళికొడుకులు గుంపులు గుంపులుగా పెళ్ళికూతురిని వెతికారు. దీవి ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగారు. ఎవరూ దొరకలేదు.

ఈ వింత విని వర్తకుడు మళ్ళీ వచ్చాడు. "ఒక్క నామాలోడిని ఇయ్యి తల్లీ, పెద్దనేల మీద ఎలుకన్నది లేకుండా చేసేస్తాను" అన్నాడు.

"అక్కడెలకలు అక్కడోళ్ళే బాబూ. పాముకీ గుడ్లగూబకీ అవే కూడు. ఇక్కడివి మేం గంజి పోసి నిలబెట్టుకున్నవి. మా తప్పు మేం దిద్దుకుంటున్నాం, అంతే" అంది గున్నమ్మ. అతని పడవలో మూట మూటా విప్పి దులిపించి, ఒక్క ఎలుకైనా లేదని చూసుకున్నాకే వదిలిపెట్టింది.

ఒక మధ్యాహ్నం గండప్ప గున్నమ్మ గుమ్మంలోకి వచ్చాడు. పళ్ళు ఊడిపోయాయి, మీసాలు వాలిపోయాయి.

"అందరూ ముసలివాళ్ళై పోయారు, నేనొక్కణ్ణే మిగిలాను. నువ్వు ముందే చెప్పావు."

"సెప్పాను."

"చెప్పినప్పుడు అది వరం అనుకున్నాను. ఇంట్లో ఒక్క ఆడపిల్ల ఉండి ఉంటే..."

గున్నమ్మ లేచి పొయ్యి రాజేసింది. పిడతలో గోరువెచ్చని గంజి పోసింది. పళ్ళు లేవని ఎండుచేపను మెత్తగా నలిపి పెట్టింది. గండప్ప పది రోజులు ఆమె పొయ్యి పక్కనే వెచ్చగా పడుకున్నాడు. పదకొండో రోజు లేవలేదు. గున్నమ్మే ఇసుకలో గొయ్యి తీసి పూడ్చిపెట్టింది.

ఆ వానాకాలం గువ్వలు బుట్టలు దిగి ఇసుకలో గుడ్లు పెట్టాయి. కుంటిగువ్వ పిల్ల ఎగరడం నేర్చుకుంటూ ఎర్రన్న తలపాగా మీద మూడుసార్లు పడింది. మంచు కమ్మిన సాయంత్రం పడవలన్నీ గువ్వల వెనకే ఇల్లు చేరాయి.

గువ్వలతిప్పలో వచ్చిన చుట్టానికి ఇప్పటికీ గంజి పోస్తారు, కాకపోతే చుట్టం మూటను బండ మీద దులిపించాకే ఒడ్డెక్కనిస్తారు. ఊరి చావడిలో ఆ గవ్వ లేని తాడు వేలాడుతూ ఉంటుంది. అది చూసి పెరిగిన నాయనమ్మలు, మనవరాలు పుడితే గవ్వను కళ్ళకద్దుకుని మరీ కడతారు.

ఇక్కడికి కథ ఒడ్డెక్కింది. నీతి ఏమిటంటారా? ఆడపిల్ల పుట్టలేదని పండగ చేసుకున్న వంశం, తన దినానికి తనే భోజనాలు పెట్టుకున్నట్టు.