ఓదెలు పానా

అనగనగనగా, పెట్రోలు నీళ్లకన్న అగ్గువున్న కాలంల, బండ్లకు కిక్కులున్న కాలంల, ఓదెలు అని ఒకడుండె. ఊ కొట్టున్రి! ఊ కొట్టకుంటె కథ కదలదు. నాకన్న మంచిగ చెప్పేటోడుంటె తోలుకరాన్రి, మీసం తీస్త. మూడో తరగతి మూడుసార్లు సదివినోన్ని, అబద్ధం చెప్తనా?

ఓదెలు ఊరూరు తిరిగి ఉప్పు అమ్మేటోడు. ఆని పెండ్లాం కనకవ్వ. ఆమెకు దమ్ము, ఊపిరాడని రోగం. దమ్మొచ్చిందంటె బండి ఎనుక కూసోబెట్టుకొని, ఎద్దుమూపు గుట్ట ఎక్కి దిగి, అవతల దవాఖానకు తోలుకపోయేటోడు. ఆని పాత బండి దగ్గితె మూడూర్ల కుక్కలు మొరిగేటియి.

ఒకసారి గుట్ట మీద బండి ఆగింది. ప్లగ్గుకు మసి. ఓదెలు బండి దిగిండు, పానా తీసిండు, ప్లగ్గు ఇప్పి లుంగీకి తుడిచిండు, కిక్కు కొట్టిండు. బుర్రు! కనకవ్వ బతికింది.

ఇంకోసారి ఆగింది. చైను ఊడింది. బండి దిగిండు, పానా తీసిండు, చైను బిగించిండు, కిక్కు కొట్టిండు. బుర్రు! కనకవ్వ బతికింది.

మూడోసారి పెట్రోలు పైపుల చెత్త. బండి దిగిండు, పానా తీసిండు, పైపు ఇప్పి నోటితోటి ఊదిండు, కిక్కు కొట్టిండు. బుర్రు! కనకవ్వ బతికింది.

"నన్ను ముట్టినదానికన్న దాన్ని ముట్టిందే ఎక్కువ గదయ్యా నువ్వు!" అని కనకవ్వ ఎక్కిరించింది. దమ్ముల గూడ నవ్వింది.

ఆమె నడుము కుదుపులకు ఆగుతలేదని ఓదెలు పాత బండి అమ్మిండు. కొత్తది కొననీకి షోరూముకు పోయిండు. బండి అద్దం లెక్క మెరుస్తుంది. వంగి చూసిండు, పక్కకు చూసిండు, పండుకొని చూసిండు. ప్లగ్గు కండ్ల పడలే.

షోరూమోడు నవ్విండు. "పెద్దాయనా, దీనికి పానాలు అక్కర్లే. నువ్వు చెయ్యి పెట్టొద్దు. ఏమన్నయితె మా దగ్గరికి తోలుకరా."

"ఆగిపోతె ఎట్ల తోలుకరావాలె సారూ?"

"ఆగదు!"

అక్కడున్నోళ్లందరు నవ్విండ్రు. మీరు గూడ నవ్వుతున్నరు. నవ్వున్రి.

ఎండకాలం, మిట్టమధ్యాన్నం. కనకవ్వకు దమ్మొచ్చింది. గుట్ట మీద కొత్త బండి ఆగింది. ఓదెలు బండి దిగిండు. పానా తీసిండు. యాడ పెట్టాలె? అంత ప్లాస్టిక్ మూత. మూతకు పువ్వసొంటి మరలు. ఆ మరలు ఇప్పే పానా కంపెనోళ్ల దగ్గరనే ఉంటదట. కిక్కు కొడుదామంటె కిక్కే లేదు.

రాయి తీసుకొని మూత పలగ్గొట్టిండు. లోపట పేగుల లెక్క వైర్లు. ఏది పట్టుకోవాలె?

"ఓదెలూ," అన్నది కనకవ్వ. పెండ్లయినంక ఎన్నడు పేరు వెట్టి పిలువలే.

ఆమెను భుజానికెత్తుకొని ఉరికిండు. ఒక మలుపు దాటిండు. రెండో మలుపు దాటిండు. మూడో మలుపు కాడ ఆమె చెయ్యి కిందికి జారింది.

దినాలయినంక కంపెనోళ్లు బండి చూసిండ్రు. "ఏం లేదు, ప్లగ్గు టోపీ జారింది. ఏలుతోటి నొక్కితె అయిపోయేది. కని మూత నువ్వే పలగ్గొట్టినవు, గ్యారంటీ పోయింది" అన్నరు.

ఓదెలు బండిని ఆడనే ఇడిచిపెట్టిండు. పోయి మూడో మలుపు కాడ కూసున్నడు. కొత్త బండి వస్తె ఆపేటోడు.

"బిడ్డా, ప్లగ్గు యాడుందో చూపిస్తవా?"

ఒకడు నవ్విండు. ఒకడు పిచ్చోడన్నడు. ఒకడు రేజు పెంచి మీదికెల్లి దుమ్ము లేపిండు. ఒక్కడు గూడ చూపియ్యలే. ఎరుకుంటెగద!

ఆడనే సచ్చిపోయిండు. చేతిల పానా ఇడిపియ్యబోతె ఏళ్లు ఇడువలే. పానాతోటే బొందవెట్టిండ్రు.

ఇప్పటికీ మా దిక్కు కొత్త బండి కొంటె, నిమ్మకాయలు తొక్కిచ్చే ముందు ఓదెలు పేరు మీద పానా తీస్తరు. ఎనుకటోళ్లు దాంతోటి ఒక్క నట్టన్న ఇప్పి బిగించేటోళ్లు. ఇప్పటి బండికి పానా పట్టే జాగేది? అందుకే బండి సుట్టు మూడుసార్లు తిప్పి దిష్టి తీస్తరు. షోరూమోడు చేతులు కట్టుకొని సూస్తుంటడు. సీటు కింద పెడుదామంటె ఆడ గూడ జాగ లేదు.

జేబుల ఏసుకొని పోతరు.