నూకాలు పూచీ కూర్చున్న కథ

అనగనగా... ఊఁ కొట్టండి మరి! మీరు ఊఁ కొడితేనే నా కథకి కాళ్లొస్తాయి.

అనగనగా సముద్రం ఒడ్డున ఒక పట్నం. పట్నం చుట్టూ గోడ. గోడ లోపల మేడలు, అంగళ్లు. గోడకి బయట ఒక పేట. దాన్ని గోడవతల పేట అనేవారు. ఆ పేట పిల్లలంటే పట్నానికి గిట్టదు. చెంబు పోతే గోడవతలోడే. కోడి పోతే గోడవతలోడే. ఆ కోడి సాయంత్రానికి తనంతట తనే గూటికొచ్చినా, భయపడి గోడవతలోడే తెచ్చి వదిలాడనేవారు! పని అడిగితే ఇవ్వరు. పని లేక తిరిగితే, చూశారా సోమరిపోతులు అంటారు.

ఆ పట్నంలో పనికి చేరాలంటే ఒక ఆచారం ఉండేది. కొత్తగా చేరినవాడి తరఫున పెద్దవాళ్లెవరో ఒకరు పూచీ కూర్చోవాలి. అంటే, నమ్మకం కుదిరేదాకా రోజూ పొద్దున్నించి దీపాలవేళ వరకు అంగడి అరుగు మీద కూర్చోవాలి. ఆ మనిషి అరుగు మీద ఉన్నంతకాలం పనివాణ్ణి వెళ్లగొట్టకూడదు. పనివాడు దొంగతనం చేశాడా, కూర్చున్న మనిషికి గుండు గీసి, గాడిదెక్కించి ఊరేగిస్తారు. మరి గోడవతల పిల్లలకి ఎవరు కూర్చుంటారు? సొంత మేనమామలే మొహం చాటేసేవారు.

ఆ పేటలోనే నూకాలని ఒకావిడ ఉండేది. చాపలల్లుకుని బతికే మనిషి. మొగుడు లేడు, పిల్లలు లేరు. ఉన్నదల్లా పెద్ద నోరు, నడుం దాటిన జుట్టు. ఆ జుట్టంటే ఆవిడకి ప్రాణం. కుంకుడుకాయలతో తలంటుకుని ఎండలో ఆరబెట్టుకుంటుంటే పేటంతా ఆగి చూసేది.

ఒకరోజు ఎర్రమ్మ అనే పిల్ల గానుగ దగ్గర పని అడిగి, "నీకు పూచీ ఎవరే?" అనిపించుకుని ఏడుస్తూ వచ్చింది. నూకాలుకి ఒళ్లు మండింది.

"చాప ఇక్కడా అల్లొచ్చు, అక్కడా అల్లొచ్చు. నేను కూర్చుంటాను, ఏం?" అంది.

తుంగకట్ట చంకన పెట్టుకుని పోయి గానుగవాడి అరుగు మీద కూర్చుంది. ఎర్రమ్మకి పని నిలిచింది. ఆ తర్వాత గంటయ్య. "వీడు ఉత్త కొట్లాటలోడు" అన్నాడు కొలిమి దగ్గర కమ్మరి.

"సుత్తి ఇచ్చి చూడు, ఆ కొట్టేదేదో ఇనుమునే కొడతాడు. నేను కూర్చుంటాను, ఏం?"

గంటయ్యకీ పని నిలిచింది. మూడోవాడు సింహాద్రి. అబ్బో, వీడికి నిజంగానే చేతివాటం! పేటలోవాళ్లే వీణ్ణి గడప తొక్కనిచ్చేవారు కాదు.

"వీడికొద్దే నూకాలూ, నీకు దణ్ణం పెడతాం" అన్నారు పేట ఆడవాళ్లు.

"మంచోడికైతే ఎవరైనా కూర్చుంటారు. వీడికి నేను కూర్చుంటాను, ఏం?"

ఇత్తడి సామాన్లమ్మే వరహాలయ్య అంగట్లో వాణ్ణి చేర్పించింది. బజారుకంతటికీ పెద్ద ఆ వరహాలయ్యే.

మీరేమనుకుంటున్నారు, సింహాద్రి బుద్ధిగా ఉన్నాడనా? ఉంటే ఈ కథెందుకు! అమావాస్య దాటిందో లేదో, ఇత్తడి గిన్నె తలపాగాలో చుట్టుకుని పోతూ దొరికిపోయాడు.

"ఎందుకు తీశావురా?" అంది నూకాలు.

"చెయ్యి ఊరుకోలేదమ్మా" అన్నాడు నేలచూపులు చూస్తూ.

లాగి ఒక్కటిచ్చింది. బజారంతా వినబడింది.

వరహాలయ్య మరీ చెడ్డవాడేం కాదు. ఆవిడ జుట్టు చూసి జాలేసింది. "వాడు నా మనిషి కాడు అను, చాలు. వాణ్ణి ఊళ్లోంచి తరిమేస్తాం, నీ జుట్టు నీకుంటుంది" అన్నాడు.

"కూర్చున్నాను కదా" అంది నూకాలు.

"ఆలోచించుకో. ఆ దొంగవెధవకి నీ విలువేం తెలుసు?"

"కూర్చున్నాను కదా."

"ఒసే పిచ్చిదానా, గాడిద మీద తిప్పుతారే!"

"తిప్పండి. వాడు దొంగే. అయినా నా మనిషే."

నూకాలు భయపడలేదని నేననను. మంగలి కత్తి నెత్తికి ఆనింది. జుట్టు పాయలు పాయలుగా ఒళ్లో పడుతుంటే కళ్లు గట్టిగా మూసుకుంది. నేనేడిస్తే వీళ్లు గెలిచినట్టే అనుకుని ఏడుపు మింగేసింది. గాడిదెక్కాక మాత్రం నోరు విప్పింది చూడండీ!

"చూడండర్రా, బాగా చూడండి! పూచీ కూర్చున్నదాని గుండు ఇది! ఊరి బిడ్డ కోసం మీలో ఎవరు గీయించుకుంటారు? రండి, గాడిద మీద ఇంకా చోటుంది!"

నవ్వుదామని వచ్చినవాళ్లు కొందరు నవ్వారు. కొందరు మెల్లిగా ఇళ్లలోకి జారుకున్నారు.

గుండు గీయించుకున్నవాళ్లు మళ్లీ బజారు మొహం చూసింది ఏనాడూ లేదు. నూకాలు మర్నాడు పొద్దున్నే సింహాద్రి గుమ్మంలో నిలబడింది.

"పదరా పనికి."

"నేను రానమ్మా. నిన్ను చూస్తే తలెత్తలేను."

"తలెత్తకపోతే పనెలా చేస్తావురా వెధవా? ఎత్తు!"

చెవి పట్టుకుని లాక్కొచ్చింది. గుండు మీద కొంగైనా కప్పుకోకుండా వరహాలయ్య అరుగు మీద కూర్చుంది.

"సిగ్గులేదూ? దొంగని మళ్లీ తెస్తావా?" అని మండిపడ్డాడు వరహాలయ్య.

"తప్పుకి శిక్ష అయిపోయింది. నేను అరుగు మీదే ఉన్నాను. నేనున్నంతకాలం వాణ్ణి వెళ్లగొట్టకూడదు. ఈ ఆచారం పెట్టింది మీరా, నేనా?"

ఆ ఆచారం పెట్టిన పెద్దలెవరూ గుండుతో తిరిగొచ్చే మనిషి ఉంటుందనుకోలేదు పాపం. "లోపలికి తగలడు" అన్నాడు వరహాలయ్య సింహాద్రితో.

ఎండకీ కూర్చుంది, వానకీ కూర్చుంది. సింహాద్రి చెయ్యి ఊరుకోవడం నేర్చుకుంది. నేర్చుకోక ఏం చేస్తుంది, తలెత్తితే ఎదురుగా ఆ గుండే! తర్వాత నూకాలు ఇంకెందరికో కూర్చుంది. అందరూ బాగుపడ్డారని నేను చెప్పను. అబద్ధమాడితే ఆవిడే వచ్చి నా నెత్తిన మొట్టికాయ వేస్తుంది. ఆవిడకి మూడుసార్లు గుండు గీశారు. మూడుసార్లూ మర్నాడే వచ్చి కూర్చుంది.

ఒక వానాకాలం నూకాలు చచ్చిపోయింది. పేట గొల్లుమంది. బజారు మాత్రం హమ్మయ్య అనుకుంది, ఇక వీళ్లకెవరు కూర్చుంటారులే అని.

దినాలు తీరాక పేట నుంచి ఒక పిల్ల బట్టల అంగడికి పని అడగడానికి వచ్చింది.

"నీకు పూచీ ఎవరే?" అన్నాడు అంగడివాడు.

"నేను కూర్చుంటాను, ఏం?" అంటూ సింహాద్రి ముందుకొచ్చాడు. వాడి నెత్తిన గుండు. వాడి వెనక గంటయ్య, గుండు. వాడి వెనక ఎర్రమ్మ. ఆవిడదీ గుండే!

"శిక్ష ముందే వేయించుకొచ్చాం. ఇక దేంతో బెదిరిస్తారో చెప్పండి" అంది ఎర్రమ్మ.

అంగడివాడు ఆ పిల్లని లోపలికి రమ్మన్నాడు. ఆ రోజుతో ఆ బజార్లో గుండు గీసే ఆచారం పోయింది. కొన్నాళ్లకి పూచీ అడిగే ఆచారమూ పోయింది.

కానీ ఆ పేట పిల్లలెవరైనా కొత్తగా పనికి చేరితే, ఈనాటికీ పేట పెద్దవాళ్లలో ఒకరు వెంట వెళ్లి ఆ గుమ్మం ముందు కూర్చుంటారు. రమ్మని ఎవరూ అడగరు. అయినా కూర్చుంటారు. "ఎందుకమ్మా, ఈ రోజుల్లో పూచీ ఎవరడిగారు?" అని యజమాని అంటే, వాళ్లు లేవరు.

"మా పిల్ల నిన్నేం చేస్తుందోనని కాదు బాబూ. మా పిల్లని నువ్వెలా చూస్తావో చూద్దామని కూర్చున్నాం" అంటారు.