పోలినాయుడి చల్లని గోడ

అనగనగనగా, కొండకి ఆనుకుని ఒక ఊరు. ఆ ఊళ్ళో అసిరమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడ మొగుడు పోలినాయుడు. మంచివాడే, కానీ తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. ఊఁ కొట్టు మరి, కాళ్ళాడించకు.

వాళ్ళమ్మాయి రవణమ్మ పురిటికి పుట్టింటికొచ్చింది. బంగారంలాంటి మగపిల్లాణ్ణి కంది. కన్నది ఎప్పుడనుకున్నావు? రోళ్ళు పగిలే ఎండల్లో! బాలింతరాలికి గాలి తగలకూడదంటారు కదా, గది తలుపులు మూసేశారు. కిటికీలో పాతగుడ్డలు కుక్కారు. ఆ ఉక్కకి పిల్లాడి ఒళ్ళంతా చెమటకాయలు లేచాయి. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. ఆ తర్వాత పాలు తాగడం కూడా మానేశాడు. అసిరమ్మకి గుండెల్లో రాయి పడింది.

“ఏటయ్యా, అరుగు మీద కూకుని సుట్ట కాల్సడవేనా? పిల్లోడు పాలు ముట్టనేదు. ఏదో ఒకటి సెయ్యి!” అని మొగుడి మీద అరిచింది.

ఆ మాట ఎందుకన్నానా అని ఆవిడ తర్వాత ఎన్నిసార్లు లెంపలేసుకుందో!

కొండ మీద ఒక ఊట ఉంది. నడి ఎండాకాలంలో కూడా అందులో చెయ్యి పెడితే వేళ్ళు కొంకర్లు పోతాయి. “ఆ నీళ్ళతో ఇల్లు సల్లబరుస్తాను సూడు,” అన్నాడు పోలినాయుడు.

మొదట కావడితో నీళ్ళు మోసుకొచ్చి ఇంటికప్పు మీద గుమ్మరించాడు. పెంకుల మధ్య సందులుంటాయని, పుట్టినప్పట్నుంచీ ఆ ఇంట్లోనే ఉన్న మనిషికి తెలియొద్దూ? నీళ్ళు తిన్నగా వెళ్ళి బాలింతరాలి మంచం మీద పడ్డాయి. రవణమ్మ తుమ్మడం మొదలెట్టింది. అసిరమ్మ బొంతలు ఎండేసి, కూతురికి శొంఠి కషాయం కాచిచ్చి, మొగుణ్ణి తీరుబడిగా తిట్టింది.

ఆ తర్వాత గోనెసంచులు తడిపి గది లోపల చుట్టూ వేలాడదీశాడు. “గాలాడని గదిలో తడిగోనెలేటయ్యా?” అని ఆవిడ మొత్తుకుంటూనే ఉంది. వింటేనా! మధ్యాహ్నానికి తల్లీబిడ్డా ఆవిరి కుడుముల్లా ఉడికిపోయారు. పిల్లాడు ఏడవడానికి కూడా ఓపిక లేక కళ్ళు తేలేశాడు.

అప్పుడు అసిరమ్మ గోనెలన్నీ పీకి వీధిలోకి విసిరేసింది. “గదిలోకి గాలీ రాకూడదు, తడీ రాకూడదు. సల్లదనం ఒక్కటే రావాల. సేతనైతే సెయ్యి, నేకపోతే నా కళ్ళబడకు!” అంది.

అప్పుడు పోలినాయుడు మూడోసారి ఆలోచించాడు. ఆ గది గోడ కొండరాయితో కట్టింది. దానికి బయట ఆనించి రాళ్ళు పేర్చి, బంకమన్ను మెత్తి, గోడ పొడుగునా నడుమెత్తు తొట్టి కట్టాడు. వెదుళ్ళు నిలువునా చీల్చి, ఒకదాని కొసన ఒకటి తగిలించి, ఊటనీళ్ళని తొట్టిలోకి మళ్ళించాడు. తొట్టి రెండో కొసన నీళ్ళు పోవడానికి ఒక కన్నం పెట్టాడు. నీళ్ళు ఇటు వచ్చి, గోడని రాసుకుంటూ, అటు పోయాయి. పొద్దు వాలేసరికి గోడ లోపలి వైపు చల్లబడింది. పిల్లాడు రెండు గుక్కలు పాలు తాగాడు. అసిరమ్మకి ఏడుపే వచ్చేసింది, సంతోషంతో.

అక్కడితో ఊరుకుంటే అతను పోలినాయుడెందుకవుతాడు?

కన్నంలోంచి పోయిన నీళ్ళు పక్కింటి కూర్మయ్య పెరట్లోకి పోతున్నాయి. కూర్మయ్యకీ ఇతనికీ మాటల్లేవు. ములగచెట్టు కొమ్మ ఒకటి గోడ దాటి అటు వాలితే, కాయలెవరివని కొట్టుకున్నారు, ఇద్దరూ గడ్డాలు నెరిసినవాళ్ళు! పోలినాయుడు తెల్లారి లేచి ఆ నీళ్ళు చూశాడు. పిల్లికి బిచ్చం పెట్టని మనిషి, పగవాడికి నీళ్ళు పోస్తాడా? గబగబా కొబ్బరిపీచు ఉండచుట్టి కన్నంలో కుక్కేశాడు. తొట్టి నిండగానే వెదురుని పక్కకి తిప్పేశాడు. “తొట్టెడు సల్లటి నీళ్ళు, మనయే!” అని మీసం దువ్వాడు.

ఎండెక్కింది. కదలని నీళ్ళు కాగి కూర్చున్నాయి. గోడ పెనంలా కాలింది. పిల్లాడు మళ్ళీ పాలు మానేశాడు. ఈసారి ఒళ్ళు కూడా వెచ్చబడింది.

అసిరమ్మ తొట్టిలో చెయ్యి పెట్టి చూసింది. కన్నంలో పీచు చూసింది. ఇంక ఆవిడ కోపం చూడాలి! ఒక్క గుంజుతో పీచు పీకేసింది. వేడినీళ్ళన్నీ కూర్మయ్య పెరట్లోకి పోయాయి. అప్పుడు వెదురు మళ్ళీ తొట్టిలోకి తిప్పింది.

“అయ్యయ్యో, మన నీళ్ళన్నీ ఆడికి పోతన్నాయే!” అని పోలినాయుడు పరుగెత్తుకొచ్చి, కింద పడ్డ పీచు చేతిలోకి తీసుకున్నాడు.

“పోనీ! పోతేనే కొత్త నీళ్ళొస్తాయి, అయి వస్తేనే గోడ సల్లబడతాది. నీకు మనవడు కావాలో, ఆడి పెరడు ఎండాలో సెప్పు!”

ఆవిడ అతని చెయ్యి పట్టి గదిలోకి లాక్కెళ్ళి, గోడకి ఆనించి కూర్చోబెట్టి, పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టింది. కొంతసేపటికి అతని వీపుకి చల్లగా తగిలింది. ఆ తర్వాత పిల్లాడి ఒళ్ళు చల్లబడింది. రవణమ్మ దగ్గర కడుపునిండా పాలు తాగి, మళ్ళీ తాత ఒళ్ళోకే చేరి, అతని వేలు పట్టుకుని నిద్రపోయాడు.

అవతల కూర్మయ్య పెరట్లో బిందెలు నిండుతున్న చప్పుడు. ఒక బిందె, ఇంకో బిందె, మరో బిందె. పోలినాయుడు పళ్ళు నూరాడు. చేతి పక్కనే కొబ్బరిపీచు ఉంది. కానీ లేస్తే పిల్లాడు లేస్తాడు. పాపం, అలాగే కూర్చున్నాడు.

కథ పోయె కంచికి,
మనమొస్తిమి ఇంటికి,
కునుకు రానీ కంటికి,
ఇంకేం పని నీ నోటికి?