ఇస్మే పీపా మీద దొర పేరు

అనగనగా ఒక ఊళ్ళో కాదమ్మా, నడి సముద్రంలో ఒక దీవిలో, ఇస్మే అని ఒక పిల్ల ఉండేది. పిల్లంటే నీ అంత కాదు, ఇరవై రెండేళ్ళది. పొడుగ్గా, నల్లగా, ముక్కు మీద కోపంతో ఉండేది.

కోపం ఎందుకుండదూ? ఆ దీవినేలే దొరలు ముందు తోలు డప్పులు కొట్టకూడదన్నారు. అప్పుడు జనం వెదురు బొంగులు నేలకేసి కొట్టి పాడుకున్నారు. దొరలు వెదురూ వద్దన్నారు. ఆ తర్వాత జనం చెత్తకుప్పల్లోంచి ఇనప పీపాలు ఏరి తెచ్చుకుని వాయించారు. దానికీ పోలీసులొచ్చారు. పేదవాడు పాడుకుంటే పెద్దవాడికి నిద్ర పట్టదట. చూశావా చోద్యం!

ఇస్మే ఏం చేసిందంటే, ఒక ఆయిలు పీపా అడుగు తీసుకుని, సుత్తితో మూకుడులా లోతుగా సాగ్గొట్టింది. తాబేటి వీపు మీద ఉంటాయే, అలా గళ్ళు దించింది. మంట మీద కాల్చింది. ఒక్కో గడిలో ఒక్కో స్వరం కూర్చోబెట్టింది. రబ్బరు చుట్టిన పుల్లలతో తాకితే, నీళ్ళ అడుగున గంట మోగినట్టుండేది. దాన్ని వాళ్ళు పాన్ అంటారు.

ఇక్కడొక సంగతి తెలుసుకో. హార్మోనియం మెట్లు ఎక్కడ చూసినా ఒకటే వరస. పాన్ అలా కాదు. ఏ స్వరం ఏ మూల ఉండాలో చేసినవాళ్ళ ఇష్టం. మిగతావాళ్ళు తోచినచోట పెట్టేవారు. ఇస్మే మూడేళ్ళు బుర్ర బద్దలు కొట్టుకుని, ఒకదానితో ఒకటి పొత్తు కుదిరే స్వరాల్ని పక్కపక్కన పెట్టింది. అందుకే ఆ పిల్ల చెయ్యి పిచికలా గెంతేది. ఆ వేగం ఇంకెవరికీ లేదు.

ఆ ఊళ్ళో వాడకో మేళం. మేళానికీ మేళానికీ పడదు. ఏటా కార్నివాల్ పండుగనాడు మేళాలకి పోటీ, వీధిలో ఎదురుపడితే తలలు పగలాల్సిందే. అందుకని ఎవరి అమరిక వాళ్ళు దాచుకునేవారు. ఇస్మే మరీనూ! గోడవైపు తిరిగి వాయించేది. ఆపగానే గుడ్డ కప్పేసేది. సొంత మేళంవాళ్ళు కూడా ఆ పాన్ ముఖం చూసి ఎరగరు.

"ఒసే, కన్నదాన్ని, నాకైనా చూపించవే!" అనేది చేపలమ్ముకునే తల్లి.

"నువ్వు చూస్తే చేపల బజారంతా చూసినట్టే. పో అమ్మా!" అనేది ఇస్మే.

ఆ ఊళ్ళోనే పెంబర్టన్ దొర అని, పెద్ద బళ్ళో సంగీతం చెప్పేవాడు ఉండేవాడు. మొదటిసారి వాడకొచ్చి, "ఇది పాట కాదు, రొద" అన్నాడు. రెండోసారి పోలీసుల్ని వెంటేసుకొచ్చి కనబడ్డ పీపాకల్లా సొట్టలు పెట్టించాడు. మూడోసారి ఒంటరిగా వచ్చి టోపీ తీశాడు. అలాంటివాడు టోపీ తీశాడంటే ముందు మన మూట చూసుకోవాలమ్మా.

"అమ్మాయ్, నీది మామూలు చెయ్యి కాదు. గవర్నరు దొరసాని ఒక్కసారి వింటే ఈ నిషేధం ఎత్తేయిస్తుంది. నిన్నయితే గేటు దగ్గరే ఆపేస్తారు. నాకు నేర్పు. నేను వెళ్ళి వినిపిస్తాను" అన్నాడు.

గేటు దగ్గర ఆపేస్తారన్న మాట నిజమే. అందులోనే ఉంది మోసమంతా. ఇస్మే గుడ్డ తీసింది. మూడు వారాలు కూర్చుని ఒక నెమ్మదైన పాట నేర్పింది. కన్నతల్లికి చూపించనిది, కన్నం వేసేవాడికి చూపించింది!

దొర పాన్ పట్టుకుని గవర్నరు బంగళాకి వెళ్ళాడు. ఆ తర్వాత వారం, పెంబర్టన్ దొర కొత్త వాద్యం కనిపెట్టాడని పేపర్లో వచ్చింది. సొమ్మొకడిది, సోకొకడిది. పాన్ అంచు మీద తన పేరు రంగుతో రాయించుకున్నాడు. నెల తిరక్కుండా ఒక ఉత్తర్వు కూడా తెచ్చుకున్నాడు. ఆ దొర అనుమతి లేకుండా ఆ దీవిలో ఎవరూ అలాంటి పాన్ చెయ్యకూడదు, వాయించకూడదు.

ఇస్మే కోర్టుకెక్కింది. "నువ్వే చేశావనడానికి సాక్షి ఎవరు?" అన్నాడు జడ్జి.

"నేనున్నానయ్యా" అని తల్లి లేచింది.

"అయితే ఏ స్వరం ఏ గడిలో ఉందో చెప్పు."

తల్లి నోరు తెరిచింది. కూతురి వైపు చూసింది. నోరు మూసుకుంది.

జడ్జి నవ్వాడు. దొర నవ్వాడు. కోర్టంతా పకపకా నవ్వింది. ఆ నవ్వు ఇస్మే చెవుల్లో సీసం పోసినట్టు దిగింది.

ఇంటికి వచ్చేదారిలో తల్లి పల్లెత్తు మాటనలేదు. ఇస్మేకి దాంతో ఇంకా ఒళ్ళు మండింది. "తిట్టవేం? తిట్టు!" అని అరిచింది.

"నిన్ను తిడితే వాడికి తగులుతుందా?" అంది తల్లి.

అప్పుడు ఇస్మే కళ్ళు తుడుచుకుంది. మర్నాడు మిట్టమధ్యాహ్నం చేపల బజారు నడిమధ్య కొత్త పీపా దించి, జనం వైపు తిరిగి కూర్చుని సుత్తెత్తింది. "రండి, చూడండి! ఈ స్వరం ఇక్కడ. దీని పక్కన ఇది. ఎందుకో కూడా చెప్తా, వినండి!" అని గొంతు చించుకుంది. పోలీసు వచ్చి పీపా లాక్కుపోయాడు. ఇంకోటి తెచ్చింది. అదీ పోయింది. మూడోది తెచ్చేసరికి ఆ పోలీసుకే నడుం పట్టేసింది.

ఆ తర్వాత శత్రువుల వాడలకి బయల్దేరింది.

మొదటిది ఓడరేవు కూలీల వాడ. చేపలు కడిగిన నీళ్ళు నెత్తిన కుమ్మరించారు. ఇస్మే తడిబట్టలతోనే కూర్చుని వాయించింది. పొద్దువాలేసరికి వాళ్ళే పీపా దొర్లించుకొచ్చారు.

రెండోది చెరకుతోటల వాడ. మనవైపు నుంచి ఓడలెక్కి చెరకు నరకడానికి పోయినవాళ్ళ మనవలుండేవారక్కడ. ఆ వాడ పెద్దమనిషి పేరు వీరసామి. "ఇన్నాళ్ళూ ముఖం చూపించనిదానివి, ఇవాళ ఊరికే ఇస్తానంటే మేం నమ్మాలా?" అన్నాడు.

"నమ్మకు. నేర్చుకో" అంది ఇస్మే.

మూడోది గ్రెగ్వార్ అనే మేళగాడి వాడ. పోయిన కార్నివాల్లో ఇస్మే వాళ్ళ అన్న చెవి కోసింది ఈ గ్రెగ్వారే. ఆ గుమ్మంలో ఇస్మే కాళ్ళు ఆగిపోయాయి. వెనక్కి పోదామా అనుకుంది. కోర్టులో తల్లి ముఖం కళ్ళ ముందు కదిలింది. లోపలికి నడిచింది.

"నా అన్న చెవి కోశావు. నీ మీద కోపం నేను చచ్చేదాకా తగ్గదు. కానీ ఆ దొర మీద కోపం దీనికన్నా పెద్దది. సుత్తి పట్టు" అంది.

గ్రెగ్వార్ నవ్వాడు. "నీ గుట్టు నాకిస్తే పోటీలో నిన్నే ఓడిస్తా పిల్లా."

"నీకు చేతనైతే ఓడించు. ముందు సుత్తి సరిగ్గా పట్టుకోవడం నేర్చుకో."

కార్నివాల్ వచ్చింది. పెంబర్టన్ దొర ఉత్తర్వు చేత్తో పట్టుకుని, ఇన్‌స్పెక్టరుతో మేడ వరండాలో నిలబడ్డాడు.

ఓడరేవు మేళం వచ్చింది. "ఎవరిచ్చారు మీకిది?" అని దొర అరిచాడు. "ఇస్మే!" అన్నారు.

చెరకుతోటల మేళం వచ్చింది. "ఎవరు చేశారు?" "ఇస్మే!"

మూడోసారి దొర అడగనేలేదు. గ్రెగ్వార్ మేళమే ఆ వరండా కింద ఆగి, "ఇస్మే! ఇస్మే!" అని అరిచింది.

"పట్టుకోండి వీళ్ళని!" అన్నాడు దొర.

ఇన్‌స్పెక్టరు మీసం దువ్వుకున్నాడు. "నాకున్నది పన్నెండుమంది పోలీసులండీ. కింద రెండొందల పీపాలు. తమరే దిగి పట్టుకోండి."

అప్పుడు జనంలోంచి ఇస్మే తల్లి, ఏ స్వరం ఎక్కడుందో వరసగా, గుక్క తిప్పుకోకుండా కేకేసి చెప్పింది. చేపలమ్మే గొంతు కదా, నాలుగు వీధులకి వినబడింది. "ఇప్పుడు పిలవరా నీ జడ్జిని!" అంది. దొర లోపలికి పోయి తలుపేసుకున్నాడు. ఆ ఉత్తర్వు కాగితాన్ని ఆ తర్వాత ఎవరూ లెక్కచెయ్యలేదు.

ఆ రోజు పోటీలో గ్రెగ్వారే గెలిచాడు. ఇస్మే ఊహకందని చోట పాటని ఊహకందని మలుపు తిప్పాడు. ఇస్మే పళ్ళు కొరుక్కుంది. ఇంటికి పోయి, ఆ మలుపుకి ఇంకో మలుపు వేసింది. అలా ఒకరి మీద ఒకరు పట్టుపట్టి కట్టిన పాటలు పడవలెక్కి పక్క దీవులకి పోయాయి. అక్కడివాళ్ళు పెళ్ళిళ్ళకీ వాయించారు, చావులకీ వాయించారు. పాడేవాళ్ళు పాన్ విని గొంతు సవరించుకోవడం మొదలుపెట్టారు.

మొదటి పాన్ తిరిగొచ్చిందా అని అడక్కు. రాలేదు. దొర దాన్ని తన దేశం పట్టుకుపోయి అద్దాల పెట్టెలో పెట్టించాడు. దాని మీద ఇప్పటికీ దొర పేరే ఉందట. కడుపు మండుతోందా? మండనీ. మండాలి.

కానీ ఆ దీవుల్లో ఏ వాడకైనా వెళ్ళి, పాన్ వాయించే పిల్లని పట్టుకుని, "ఈ స్వరం ఇక్కడే ఎందుకుంది?" అని అడుగు. ఆ పిల్ల చెయ్యి ఆపకుండా, నీ వైపు చూడనైనా చూడకుండా, "ఇస్మే అక్కడ పెట్టింది కాబట్టి" అంటుంది.

కాగితమేమో మంటికి,
పాటేమో ఇంటింటికి,
కథేమో కంచికి,
కబుర్లు చాలు, పద మంచానికి!