సన్నాయి వాళ్ళ గుక్క

త్రినాథ్‌కి బూగీ మూడో వరసలో ఊపిరి ఆడటం లేదు.

మొదటి వరస దర్జాగా పోతుంది. రెండో వరసలో మెడ మీద నరాలు తేలతాయి. మూడో వరస అందుకునేసరికి ముఖం కందగడ్డలా ఎర్రబడి, కళ్ళు ముందుకొచ్చి, మౌత్ ఆర్గాన్ పెదాల మీంచి ఊడిపోతుంది. వానాకాలం పోయి చలికాలం వచ్చింది. అయినా అదే తంతు.

బూగీ అంటే అమెరికా నల్లజాతి వాళ్ళ బ్లూస్ సంగీతంలో ఒక వాయింపు. ఆగని బండి చక్రాల్లా ఒకే నడకలో, జోరుగా, వరస వెంట వరసగా సాగాలి. ఎక్కడా తెగకూడదు. విశాఖపట్నం రైల్వే క్వార్టర్సులో ఉండే ఎలీషా మాస్టారు కుర్రతనంలో హార్బరులో దిగిన ఒక నావికుడి దగ్గర దాన్ని పట్టారు. ఊళ్ళో అది తుదికంటా వాయించగలిగింది ఆయనొక్కరే. ఇప్పుడు ఆయనకి పెద్దతనం వచ్చి దమ్ము తగ్గింది. ఆయనున్న బ్యాండులో మౌత్ ఆర్గాన్ వాయించేవాడి చోటు ఖాళీ అవుతోంది.

త్రినాథ్‌కి ఆ చోటు కావాలి. దానికోసమే తండ్రి మేళాన్ని వదిలేసి వచ్చాడు.

తండ్రి నూకరాజు సన్నాయి విద్వాంసుడు. ఆయన సన్నాయి ఎత్తాడంటే, పెళ్ళికూతురు గదిలోంచి బయల్దేరి పీటల మీద కూర్చునేదాకా ఒకటే గుక్క. ఆ ఇంట్లో పిల్లలకి నేర్పే మొదటి పాఠం, ఛాతీ నిండా గాలి పట్టడం. అది కుదిరాకే సన్నాయి ముట్టుకోనిస్తారు. అలాంటి ఇంట్లోంచి కొడుకు వెళ్ళిపోతానంటే నూకరాజు గుమ్మంలో నిలబడి ఒకటే మాట అన్నాడు. "పోతే పో. చేతకానోడిలా మాత్రం తిరిగి రాకు."

కాబట్టి త్రినాథ్‌కి వెనక్కి దారి లేదు. ముందుకేమో మూడో వరస అడ్డంగా పడుకుంది.

సన్నాయికి ఊదడమే. మౌత్ ఆర్గాన్‌కి ఊదడమూ ఉంది, పీల్చడమూ ఉంది. ఊదితే ఒక స్వరం, పీలిస్తే మరొకటి. బ్లూస్‌కి కావలసిన స్వరాల్లో చాలామటుకు పీల్చే వైపే ఉంటాయి. బూగీ అయితే మొదలవడమే పీల్పుతో మొదలవుతుంది. త్రినాథ్ మాత్రం ఇంట్లో నేర్చిన ప్రకారం భుజాలు పైకెత్తి, ఛాతీ పొంగించి, నిండా గాలి పట్టి అప్పుడు మొదలెట్టేవాడు.

ఒకరోజు అడిగేశాడు. "నాకు ఊపిరి చాలటం లేదు మాస్టారూ. పెంచుకునే దారేటో చెప్పండి."

మాస్టారు పాత మౌత్ ఆర్గాన్ విప్పి లోపలి ఇత్తడి రేకుల్ని బ్రష్షుతో దులుపుతున్నారు. తల ఎత్తలేదు.

"పెంచుకోకు" అన్నారు.

అంతే. ఇంకో ముక్క లేదు. గురువులకి ఇదొక జబ్బు. మనిషి కళ్ళెదుట ఊపిరాడక గిలగిల్లాడుతుంటే, అడిగినదానికి నోరారా జవాబు చెబితే ఏం పోతుంది? ఈ కథ తల్చుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

త్రినాథ్ సొంతంగా దారి వెతుక్కున్నాడు. తెల్లారుతూనే కొండ మెట్లు ఎక్కాడు, దిగాడు. బకెట్ నీళ్ళలో తల ముంచి ఊపిరి బిగబట్టాడు. ఛాతీ ఇంకా వెడల్పయింది. చొక్కా బొత్తాలు బిగుతయ్యాయి. ఇక చూస్కోండి అన్నట్టు మాస్టారి ఎదుట కూర్చుని, అంతకుముందెన్నడూ పట్టనంత గాలి పట్టి బూగీ ఎత్తుకున్నాడు.

ఈసారి రెండో వరసలోనే ఆగిపోయాడు.

"నీకు ఊపిరి తక్కువై కాదురా. ఎక్కువై ఆగిపోతున్నావు" అన్నారు మాస్టారు.

మీరే చెప్పండి, ఉక్కిరిబిక్కిరై దగ్గుతున్నవాడితో అనవలసిన మాటేనా ఇది? త్రినాథ్ దాన్ని వెటకారం అనుకున్నాడు. ఎవరైనా అలాగే అనుకుంటారు. గాలికోసం నోరు తెరుచుకుంటున్నవాడికి గాలి ఎక్కువైందంటే ఎక్కడైనా నమ్ముతాడా?

"ఎగతాళి సేయకండి మాస్టారూ" అన్నాడు.

"సరే. ఇవాళ్టినుంచి వాయించొద్దు. రోజూ వచ్చి నా ఎదురుగా కూర్చుని ఉస్సురను."

"ఏటీ?"

"ఉస్సురనడం తెలీదా? బస్తా దించిన మనిషి ఎలా అంటాడు? అలా. లోపలున్నదంతా పోవాలి."

త్రినాథ్ దిగ్గున లేచి నిలబడ్డాడు. మామూలు ఇళ్ళలోనే పిల్లలు ఉస్సురంటే పెద్దలు కసురుతారు, ఇంటికి మంచిది కాదని. అది మంగళ వాయిద్యాల ఇల్లు. పొద్దున ఒకరి తాళికి, సాయంత్రం ఒకరి గృహప్రవేశానికి వాయించే నోళ్ళు. నూకరాజు జ్వరంతో పడుకున్నప్పుడు కూడా నిట్టూర్పు బయటికి రాకుండా పళ్ళ బిగువున ఆపుకునేవాడు.

"మా ఇంట్లో ఎవరం ఉస్సురనమండీ. అది మాత్రం నాకు సెప్పకండి."

"సరే" అన్నారు మాస్టారు. మళ్ళీ బ్రష్షు తీసుకున్నారు. బతిమాలలేదు, కోప్పడలేదు, కారణం చెప్పలేదు. ఒక మనిషి ఇంటి ఆచారాన్ని కాలదన్నమని చెప్పి, ఎందుకో చెప్పకుండా రేకులు దులుపుకుంటున్నారు. త్రినాథ్ చెప్పులు వేసుకుని విసురుగా వెళ్ళిపోయాడు. మర్నాడు మళ్ళీ వచ్చాడనుకోండి. రాక ఎక్కడికి పోతాడు?

బ్యాండు వాళ్ళు ఎంతకాలమని ఆగుతారు? ఒక ఆదివారం సాయంత్రం సాలమన్ వచ్చాడు. బ్యాండుని నడిపేది అతనే, గిటారు వాయిస్తాడు. మాస్టారి వరండాలో కుర్చీ వేసుకుని గిటారు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మీ మీద గౌరవంతో వచ్చాను అంకుల్" అన్నాడు. "మధ్యలో ఆగిపోయేవాడితో మాత్రం నేను స్టేజి ఎక్కలేను. ముందే చెప్తున్నాను."

త్రినాథ్ మౌత్ ఆర్గాన్ అందుకున్నాడు. భుజాలెత్తి గాలి పట్టి మొదలెట్టాడు. సాలమన్ గిటారు మీద నడక అందుకున్నాడు. మొదటి వరస దర్జాగానే పోయింది. మూడో వరసలో తెగింది.

"ఇంకోసారి" అన్నాడు త్రినాథ్ దగ్గుతూ.

ఇంకోసారీ అంతే. అదే చోట తెగింది.

సాలమన్ కుర్చీలోంచి లేచాడు. గిటారు సంచీ జిప్పు తీశాడు. ఏదైనా అన్నా బాగుండేది.  ఆ జిప్పు చప్పుడుతో పాటే, గుమ్మంలో నిలబడి తండ్రి అన్న మాట త్రినాథ్ చెవిలో మోగింది.

గురువన్నవాడు ఏం చెయ్యాలి అప్పుడు? కుర్రవాడు బాగా కష్టపడుతున్నాడు, ఇంకొన్నాళ్ళు చూడు నాయనా అనాలి. మాస్టారు ఏమన్నారో తెలుసా?

"ఇతని తప్పేం లేదులే సాలమన్. వీళ్ళింట్లో ఎవరికీ ఊపిరి సంగతి తెలీదు. వాళ్ళ నాన్నకీ తెలీదు."

ఈ మాట నేను రెండోసారి రాయను. కొడుకుని ఎన్నైనా అను. ఆ ఊళ్ళో లేని, ఎదురు చెప్పుకోవడానికి అక్కడ లేని పెద్దమనిషిని, అదీ ఆయన విద్యలో, అదీ పరాయివాడి ముందు!

త్రినాథ్ ముందు నమ్మలేనట్టు చూశాడు. తర్వాత లేచాడు.

"ఏటండీ మాస్టారూ, ఏటి మాటాడతన్నారు మీరు? మా నాన్నకి ఊపిరి సంగతి తెలీదా? మీరు నన్ను కూకోమన్నప్పుడు కూకున్నాను, ఆపమన్నప్పుడు ఆపాను, పెంచుకోకన్నారు, ఎందుకని అడిగితే సెప్పలేదు, ఎక్కువైందన్నారు, ఎగతాళి అనుకుని ఊరుకున్నాను, ఉస్సురనమన్నారు, మా ఇంట్లో సావుకి తప్ప ఎవలూ ఉస్సురనరని తెలిసీ అన్నారు, అదీ మింగాను, నా గురించి ఏటన్నా పడతాను గానీ మా నాన్న జోలికొస్తే మాత్రం పడేది లేదు, ఆయన సన్నాయి ఎత్తితే ఊరేగింపు వీధి మలుపు తిరిగినదాకా దించడు, బాజాలోళ్ళు సేతులు నొప్పెట్టి మార్చుకుంటారు గానీ ఆయన మాత్రం దించడు, అలాటి మనిషిని పట్టుకుని మీరు, ఈ సిన్న రేకుల డబ్బా సేత్తో పట్టుకుని మీరు..."

బాగా అన్నాడు. నేనక్కడ ఉంటే ఇంకో నాలుగు కలిపేవాణ్ణి. మధ్యలో ఎక్కడా ఆగలేదు, ఊపిరి తీసుకోలేదు. సన్నాయి వాళ్ళ గుక్క అంటే ఏమిటో సాలమన్ మొదటిసారి ఆ తిట్లలో విన్నాడు. జిప్పు మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. కానీ ఎంత గుక్కయినా ఎక్కడో ఒకచోట అయిపోవాలి. చివరి "మీరు" అన్న మాటకి గాలి లేదు. పెదాలు కదిలాయి, చప్పుడు రాలేదు. ఛాతీ లోపలికి అంటుకుపోయింది.

మాస్టారు లేచి తన చేతిలోని మౌత్ ఆర్గాన్‌ని అతని పెదాల మధ్య పెట్టారు.

"ఇప్పుడు" అన్నారు.

త్రినాథ్‌కి ఆలోచించే వ్యవధి లేదు. ఒంటికి గాలి కావాలి. ఆ గాలి వచ్చే దారిలో మౌత్ ఆర్గాన్ ఉంది. పీల్చాడు. మొదటి స్వరం లావుగా, బరువుగా పలికింది. చలికాలమంతా అతని దగ్గర అలా పలకలేదు. వేళ్ళు వాటంతటవే బిగిశాయి. నడక అందుకుంది. సాలమన్ గబుక్కున గిటారు ఒళ్ళోకి లాక్కున్నాడు.

వరస అయిపోతోంది. "పెళ్ళిమేళంలో ఇంతకన్నా నయం" అన్నారు మాస్టారు.

జవాబు చెప్పడానికి నోరు ఖాళీ లేదు. త్రినాథ్ ముక్కుతో బుస్సుమన్నాడు. కోపంతోపాటు లోపలున్న గాలంతా ముక్కులోంచి పోయింది. వెంటనే రెండో వరస పీల్చుకున్నాడు.

"మీ నాన్న వింటే తల దించుకుంటాడు."

మళ్ళీ బుస్సుమన్నాడు. చూపులతోనే మాస్టారిని కాల్చేస్తూ మూడో వరసలోకి వెళ్ళాడు. వెళ్ళి అవతలికి వచ్చేశాడు కూడా. ఇన్నాళ్ళూ తనని చంపుకుతిన్న వరస అదేనని అతనికి తట్టనైనా లేదు. ఆయన ఇంకేం కూస్తాడో అని చెవులు రిక్కించుకుని మరీ వాయిస్తున్నాడు.

మాస్టారు ఎప్పుడు తిట్టడం మానేశారో త్రినాథ్ గమనించలేదు. వరస చివరికి వచ్చేసరికి ముక్కు దానంతటదే బుస కొడుతోంది. నరాలు తేలలేదు. కళ్ళు ముందుకు రాలేదు. బూగీ సాగింది, జోరందుకుంది, సాలమన్ కాలు నేల మీద తాళం వేసింది, ఆఖరి స్వరం దాకా వెళ్ళి అక్కడ ఆగింది.

సాలమన్ గిటారు పక్కన పెట్టాడు.

"తెల్ల చొక్కా ఉందా నీ దగ్గర?" అన్నాడు సాలమన్. బ్యాండు వాళ్ళందరూ స్టేజి మీద తెల్ల చొక్కాలే వేసుకుంటారు.

ఏ మాటకోసం ఇల్లు వదిలి వచ్చాడో ఆ మాట. త్రినాథ్ అటు తిరిగి కూడా చూడలేదు.

"సొక్కా సంగతి తరవాత. మా నాన్నని అన్న మాట ఎనక్కి తీసుకోండి మాస్టారూ."

మాస్టారు కుర్చీలోంచి లేచారు. పెద్దాయన, చేతులు జోడించారు.

"తీసుకున్నాను. నూకరాజంత గుక్క ఈ జిల్లాలో ఎవరికీ లేదు. నేను ఎన్ని పెళ్ళిళ్ళకి భోజనం మానుకుని పందిట్లో నిలబడ్డానో మీ నాన్నకి తెలీదు."

త్రినాథ్ ఒక అడుగు ముందుకేశాడు. ఆ చేతుల్ని కిందికి దించాడు. ఇంకా కోపంగానే ఉన్నాడు. ఉండాలి కూడా, నన్నడిగితే.

మాస్టారు మళ్ళీ కూర్చున్నారు.

"ఈసారి నేను తిట్టను. వాయించు."

త్రినాథ్ మౌత్ ఆర్గాన్ ఎత్తాడు. అలవాటు కొద్దీ భుజాలు పైకి లేచాయి, ఛాతీ పొంగింది. సగంలో ఆగాడు. మాస్టారి వంక చూశాడు. ఆయన ఎటో చూస్తున్నారు.

క్వార్టర్సులో ఒక్కొక్క ఇంట్లోనే దీపాలు వెలుగుతున్నాయి. మంగళ వాయిద్యాల ఇంట పుట్టినవాడు, ఆ దీపాలు పెట్టే వేళ, గురువుగారి వరండాలో నిలబడి భుజాలు దించాడు. లోపల ఇక ఏమీ మిగలకుండా, నిండుగా ఉస్సురన్నాడు.

అప్పుడు మొదలుపెట్టాడు.